కొత్త చేపకు వేరు తొట్టి



మంగంపేట ముగ్గురాయి పేరు దేశదేశాల్లో తెలుసు. ఆ పొడి ఓడలెక్కిపోయి, చమురు బావులు తవ్వేచోట పనికొస్తుంది. మన రాయి సముద్రం దాటిపోతుంటే, సముద్రపు చేప ఈ కడప ఎండల్లోకి, ముందుగదిలోని గాజుతొట్టిలోకి వస్తోంది. రంగుచేపల వ్యాపారానికి పేరుపడ్డ చెన్నై కొళత్తూరు నుంచో, మరో చోటు నుంచో సంచిలో తెచ్చిన చేపను రాగానే తొట్టిలో వదలమని పిల్లలు గోల చేస్తారు. వదలకండి. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

సముద్రప్రాణులను ఇంట్లో పెంచిన తొలివాళ్ళలో ఒక గృహిణి ఉంది. లండనులో ఆనా థిన్ అనే ఆవిడ 1846లో సముద్రతీరం నుంచి పగడపు జీవులను జాడీలో తెచ్చుకుంది. నీళ్ళకు గాలి తగలాలని పనిమనిషి చేత, మనం పాలు తిరగపోసినట్టు, కిటికీ దగ్గర రోజూ తిరగపోయించేదట. చేతులు నొప్పిపుట్టింది పనిమనిషికి, పేరొచ్చింది అమ్మగారికి! 1853లో లండను జంతుప్రదర్శనశాలలో జనం చూడటానికి చేపల ఇల్లు తెరిచారు. ఎక్కడెక్కడి చేపలూ ఒకచోట చేరితే వాటి జబ్బులూ చేరతాయి కదా. ఉప్పునీటి చేపలకు తెల్లమచ్చలు తెచ్చే సూక్ష్మజీవికి ఇ.ఎం. బ్రౌన్ 1951లో క్రిప్టోకారియన్ అని పేరు పెట్టారు.

దీని నడత మహా టక్కరి. చేప ఒంటిమీద కొన్నాళ్ళుండి రాలిపోతుంది. మచ్చలు పోయాయి, తగ్గిపోయిందని మనం సంబరపడతాం. అది తొట్టి అడుగున గుల్లకట్టి, కొన్ని రోజులకో కొన్ని వారాలకో పగిలి వందల పిల్లలను వదులుతుంది. వాటికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే మాత్రం చచ్చిపోతాయి.

తొట్టిలో పోయేది నాలుగు చేపలంటారా? మన నెల్లూరులో ఇళ్ళకు ఇళ్ళే దెబ్బతిన్నాయి. అక్కడ వచ్చింది టైగర్ రొయ్యల తెల్లమచ్చ వ్యాధి. పేరు అదే గాని జబ్బు వేరు, అది వైరస్. 1992 ప్రాంతంలో తైవాన్, చైనాల్లో పుట్టింది. చైనా నుంచి తెచ్చుకున్న రొయ్యలతో 1993లో జపానుకు పాకింది. 1994లో మన తీరానికి వచ్చింది. కళకళలాడే చెరువు వారం పదిరోజుల్లో ఖాళీ. తల్లి రొయ్య పైకి ఆరోగ్యంగానే ఉంటుంది. రోగం మాత్రం పిల్లలకు పోతుంది. ఆ పిల్లలను కొని చెరువులో వదిలిన రైతుకేం తెలుసు? పైగా ఒకరి చెరువు వదిలిన నీళ్ళే కాలవలో పడి పక్కవాడి చెరువుకు తోడుకునే నీళ్ళవుతాయి. బంగారం కుదువపెట్టి చెరువు వేసిన ఇంటి ఇల్లాలి సంగతి మీరే ఊహించుకోండి.

ఆ దెబ్బతో బుద్ధొచ్చింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు, విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలను చెన్నై నీలాంకరైలో కట్టిన ప్రత్యేక కేంద్రంలో విడిగా ఉంచి, పరీక్షలు చేశాకే హేచరీలకు ఇవ్వాలని కట్టడి చేశారు. సంతలో కొన్న ఎనుమును వచ్చీరాగానే పాత గొడ్లలో కట్టనివ్వని పెద్దవాళ్ళు మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నారు, ఇదీ ఆ పద్ధతే.

ఇంట్లో అయితే ఒక చిన్న తొట్టి చాలు. ఇసుక, రాళ్ళు వద్దు. దాక్కోవటానికి ప్లాస్టిక్ పైపు ముక్క వేయండి, గాలి మోటారు పెట్టండి. కొత్త చేపను నాలుగు నుంచి ఆరు వారాలు అందులోనే ఉంచి, మేత తింటున్నదా, ఒళ్ళు రాళ్ళకేసి రుద్దుకుంటున్నట్టు మెలికలు తిరుగుతున్నదా, రొప్పుతున్నదా చూడండి. మచ్చలు కనిపిస్తే రాగి కలిసిన మందు కొలత ప్రకారం అక్కడే వాడాలి. పెద్ద తొట్టిలో వేశారో, పగడాలూ రొయ్యలూ చస్తాయి. మనకు రాగిచెంబు నీళ్ళు మంచివని వాటికీ మంచివనుకోకండి! పెద్ద తొట్టికే జబ్బు తగిలితే చేపలన్నిటినీ తీసి, రెండున్నర నెలలు చేప లేకుండా నడపాలి. వల, చెంబు, గొట్టం రెండు తొట్లకూ వేరువేరుగా పెట్టుకోండి.

సంచిలో చేపతోపాటు వచ్చిన నీళ్ళు ఏ తొట్టిలోనూ పోయకండి, తూములో పారబోయండి.