నిగ్రహం ఎవరిది?

పదహారేళ్ళ కుర్రాడు స్నేహితులతో కలిసి అర్ధరాత్రి పక్కవాళ్ళ చెట్టున బేరిపళ్ళు కాజేస్తే మనమేం చేస్తాం? చెవి మెలిపెట్టి, నాలుగు చీవాట్లు పెట్టి వూరుకుంటాం. కాని ఆ కుర్రాడు పెద్దవాడై, బిషప్ అయి, నలభై దాటాక ఆ పళ్ళను తలుచుకుని పేజీలకు పేజీలు కుమిలిపోయాడు. ఆకలేసి కాదట, ఏవో కొన్ని తిన్నా, పళ్ళు పందులకే పారేశారట. తప్పు చెయ్యడంలో వుండే రుచి కోసమే చేశానంటాడు. ఆయనే సెయింట్ అగస్టీన్. ఆ పుస్తకం 397 ప్రాంతంలో మొదలుపెట్టిన 'కన్ఫెషన్స్'. మంచిదని తెలిసిన దారిన మనసెందుకు నడవదు? ఆయన్ని జీవితమంతా వేధించిన ప్రశ్న అదే.

అగస్టీన్ 354లో ఉత్తర ఆఫ్రికాలో, ఈనాటి అల్జీరియాలోని ఒక చిన్న వూళ్ళో పుట్టాడు. తల్లి మోనికా పరమభక్తురాలు. చదువుకని కార్తేజి నగరం వెళ్ళిన కొత్తల్లోనే ఆయన ఒకామెతో కాపరం పెట్టాడు. పెళ్ళి కాదు. ఆనాటి రోమన్ సమాజంలో అలాంటి కాపరాలు మామూలే. కొడుకు పుట్టాడు. వాడి పేరు అడియోడాటస్, అంటే దేవుడిచ్చినవాడని. మన దేవదత్తుడన్నమాట! పదేళ్ళకు పైగా ఆమె తప్ప మరొకరు లేకుండానే గడిపాడు.

తర్వాత మిలాన్ నగరంలో పెద్ద వుద్యోగం వచ్చింది. వెనకాలే తల్లి వచ్చింది. కొడుకు పైకి రావాలంటే గొప్పింటి సంబంధం కావద్దూ? చూసి కుదిర్చారు. పిల్లకు చట్టప్రకారం పెళ్ళీడు రావడానికి ఇంకా రెండేళ్ళుంది. ఆనాటి పెళ్ళీడు పన్నెండు! ఈ పెళ్ళికి అడ్డమని, ఇన్నాళ్ళూ కాపరం చేసినామెను ఆఫ్రికాకు పంపించేశారు. ఇక ఏ మగవాణ్ణీ ఎరగనని దేవుడిముందు మొక్కుకుని, కన్నకొడుకును తండ్రి దగ్గరే వదిలి, ఆమె వెళ్ళిపోయింది.

మరి అయ్యగారో? ఆ రెండేళ్ళూ ఆగలేక ఇంకొకామెను తెచ్చుకున్నాడు. ఇది నేను కట్టిన కథ కాదు సుమండీ! ఆయనే రాసుకున్నాడు. ఆ ఆడదానికున్న పాటి నిగ్రహం తనకు లేకపోయిందని కూడా ఒప్పుకున్నాడు. అంత నిజాయితీ ఎందరికుంటుంది? అయినా బేరిపళ్ళకు పేజీలు దక్కాయి, ఆమెకు నాలుగు వాక్యాలు. పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు.

386లో ఆయన మనసు మారింది. కుదిరిన పెళ్ళి కూడా వదులుకుని, 387లో కొడుకుతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. అయితే ఆ మార్పు తన పట్టుదల వల్ల రాలేదనీ, దైవకృప లేనిదే మనిషి తన ప్రకృతిని గెలవలేడనీ ఆయన సిద్ధాంతం. బ్రిటన్ నుంచి వచ్చిన పెలాజియస్ ఈ మాట వింటూనే మండిపడ్డాడు. చెయ్యగల శక్తి దేవుడు ఇచ్చే వుంచాడు, చెయ్యకపోవడం మన సోమరితనమేనన్నాడు. 418లో చర్చి అగస్టీన్ పక్షమే నిలిచింది.

వినడానికి పెలాజియస్ మాట ధైర్యంగా వుంటుంది. కాని కాలు జారినవాడికి అందులో ఓదార్పు లేదు. ఆ ఓదార్పు అగస్టీన్ దగ్గరుంది. ఆయన దగ్గర ఇంకో చిక్కుంది. వివాహం మంచిదే గాని, భార్యాభర్తల మధ్య కోరికకు కూడా ఆదిపాపపు మచ్చ అంటిందన్నాడు. కోరిక దేవుడిచ్చిన సహజగుణం, అందులో పాపమేమిటని జూలియన్ అనే బిషప్ ఎదురువాదం చేశాడు. 430లో శత్రుసైన్యాలు వూరిని ముట్టడించివుండగా కన్నుమూసేనాటికి కూడా, జూలియన్‌కు అగస్టీన్ రాస్తున్న జవాబు పూర్తికాలేదు. చివరికి పాశ్చాత్య క్రైస్తవలోకంలో అగస్టీన్ మాటే నిలబడి, కాపరం చేసుకునే ఇల్లాళ్ళ మనసుల్లో సైతం శతాబ్దాల తరబడి గుబులు పుట్టించింది.

మనిషి బలహీనతకు ఆయన తనను తానే సాక్షిగా నిలబెట్టుకున్నాడు. బాగానే వుంది. కాని అదే యింట్లో ఇంకో సాక్షి వుంది కదా! మొక్కు మొక్కి ఓడెక్కిన ఆమెను పిలిచి ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. అడిగివుంటే, నిగ్రహం అంటే కోరికను చంపుకోవడమని ఆమె చెప్పివుండేదా? నాకలా తోచదు. ఆమెకది ప్రకృతితో యుద్ధం కాదు, ప్రేమించినవాడికి మనసులో ఇచ్చుకున్న మాట. ప్రేమా నిగ్రహమూ శత్రువులు కానక్కర్లేదని ఆ పుస్తకంలో ఆ నాలుగు వాక్యాలే చెబుతున్నాయి. మీరేమంటారు?