నానా ఉస్తరా

పోయిన నెల నరసాపురంలో మా మామూ పాత ఇల్లు విప్పి కడుతుంటే అటక మీద నుంచి ఒక తోలు సంచి దిగింది. లోపల ఒక ఉస్తరా, మధ్యలో అరిగి గుంట పడిన సిల్లీ, ఎండి బిరుసెక్కిన చమోటా, ఇత్తడి గిన్నె, గోళ్లు తీసే నహర్నీ. ఆ సంచిని కిస్బత్ అంటారని చెప్పగలిగింది ఎనభై దాటిన మా నానీ ఒక్కరే. చెప్పి, వెంటనే గొంతు తగ్గించారు. "బయట పెట్టకు బేటా. పిల్లల రిష్తాలు నడుస్తున్నాయి."

మా నానా హజ్జాం. ఈ మాట నేను రాయడం ఇదే మొదటిసారి.

ఉస్తరా తుడిచి చూస్తే పిడి దగ్గర సగం అరిగిన ఇంగ్లీషు అక్షరాల్లో షెఫీల్డ్ అని ఉంది. నరసాపురంలో షెఫీల్డ్ కత్తి ఉండటం వింతేమీ కాదు. ఒకప్పుడు మంచి రేజర్లంటే షెఫీల్డ్‌వో, జర్మనీలోని జోలింగెన్‌వో. అయినా ఈ ఊరి తారీఖ్ కాస్త తెలిసినవాడికి ఆ పేరు గుచ్చుకుంటుంది.

గోదావరి డెల్టాలో ఎంత తవ్వినా ఒండ్రు మట్టే, రాయి తగలదు. ఇనుమైనా సానరాయైనా బయటినుంచి రావలసిందే. అయినా 1670ల్లో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు నరసాపురం, మాధవాయిపాలెంలలో ఓడలు కట్టడం గురించి ప్రత్యేకంగా రాశాడు. కలప, ఇనుము, పనివాళ్లు ఇక్కడ చవక. పక్కనే పాలకొల్లులో డచ్చివాళ్ల కోఠీ ఉండేది, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మాధవాయిపాలెం పేరు మడపొల్లం అనే తెల్ల బట్టకి అంటుకుని లోకమంతా తిరిగింది. క్షవరానికి కూర్చున్నవాడి మెడకి చుట్టే తెల్లగుడ్డ అలాంటిదే.

అప్పుడు ఈ తీరం గోల్కొండ సుల్తానులది. వాళ్ల సల్తనత్‌లో, ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో, లోకం మెచ్చిన ఫౌలాద్ తయారయ్యేది. ఇనుప ముక్కల్ని మట్టిమూసలో పెట్టి, మూతికి మట్టి మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఇనుములోకి తగుపాళ్లలో బొగ్గుసారం ఎక్కి ఉక్కు ముద్ద అయ్యేది. ఆ ముద్దలు ఇరాన్ వెళ్లి షంషేర్లయ్యేవి. వాటి మీద నీటి అలల్లా కనిపించే జాడనే జౌహర్ అంటారు. హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త కోనసముద్రం వెళ్లినప్పుడు, ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ అక్కడ కనిపించారు. వాయిసీ 1824లో చనిపోతే, ఆ రాత 1832లో అచ్చయింది. దగ్గర్లోని మండలం పేరు ఇప్పటికీ కమ్మర్‌పల్లి.

మన ఉక్కు అనే మాటే ఇంగ్లీషువాళ్ల నోట్లో వుట్జ్ అయిందని ఎక్కువమంది ఆలిముల మాట. కన్నడంవాళ్లకీ అందులో హక్కు ఉంది, తగాదా వద్దు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ ఉక్కు మీద వ్యాసం రాశాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు దాంతో చిన్న చాకు చేసి చూసి ముగ్ధుడయ్యాడు. తర్వాత అతనూ మైకేల్ ఫారడేనూ, కరెంటు పరిశోధనల ఫారడేనే, వుట్జ్ రహస్యం పట్టుకోవాలని ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, రకరకాల లోహాలు కలిపిన ఉక్కుతో రేజర్లు చేయించారు. 1820లో, 1822లో వాళ్ల వ్యాసాలు వచ్చాయి. స్టోడార్ట్ పేరు, ఫారడే పేరు కితాబుల్లో ఉన్నాయి. కోనసముద్రం కొలిమి దగ్గర తిత్తి ఊదినవాడి పేరు ఎక్కడా లేదు.

రేజర్ తయారీ చెబితే తేలికే. ఉక్కు పట్టీని ఎర్రగా కాల్చి, వీపు మందంగా, అంచు పల్చగా సాగగొడతారు. మళ్లీ కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచితే గట్టిపడుతుంది, గాజులా పెళుసు కూడా అవుతుంది. అందుకని సన్నని వేడి మీద గడ్డి రంగు తిరిగేదాకా పెట్టి ఆ పెళుసు విరుస్తారు. మన జబాన్‌లో ఇది ఆబ్ ఇవ్వడం. తర్వాత తిరిగే సానచక్రం మీద రెండు పక్కలా బోలుగా అరగదీస్తారు.

కష్టమంతా దాన్ని రోజూ బతికించుకోవడంలో ఉంది. నానా ఫజర్ కాగానే అరుగు మీద కూర్చునేవారు. సిల్లీ మీద నాలుగు చుక్కల నీళ్లు. ఉస్తరా పూర్తిగా పడుకోవాలి, వీపూ ధారా రెండూ ఒకేసారి రాయికి ఆనాలి. ఏ కోణంలో పట్టాలో వీపు మందమే చెబుతుంది, చెయ్యి తన తెలివి చూపిస్తే ధార పోయినట్టే. రాయి మీద ధార ముందు నడుస్తుంది. చివరికి వచ్చాక వీపు మీదుగా తిప్పాలి, ధార మీదుగా తిప్పకూడదు. చమోటా మీద తిరకాసు. అక్కడ వీపు ముందు, ధార వెనక, లేకపోతే తోలు తెగుతుంది. చప్పుడు వింటే చాలు, అయ్యిందో లేదో నానాకి తెలిసేది. ముంజేతి వెంట్రుక ఒకటి తాకించి, అది తెగి ఎగిరితే బిస్మిల్లా అనేవారు.

ఆ చేతులు ఊళ్లో ఎన్ని ఇళ్లకి వెళ్లాయో. అఖీఖాలో ఏడోరోజు బిడ్డ తల గీసి, ఆ వెంట్రుకల తూకానికి వెండి సదఖా ఇస్తాం కదా, ఆ వెంట్రుకలు తీసింది ఆ ఉస్తరానే. ఖత్నాలూ నానానే చేసేవారు, దానికి వేరే కత్తి. పని అయ్యాక నేగ్ చేతిలో పెట్టి, భోజనం గుమ్మం పక్కన పెట్టిన ఇళ్లూ ఉన్నాయట. మస్జిద్‌లో భుజం కలిపినవాళ్లే. అరబీలో హజ్జాం అంటే కొమ్ము పెట్టి చెడు రక్తం తీసేవాడు. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం అబూ తైబా చేత హిజామా చేయించుకుని మజూరీ ఇప్పించారని సహీ హదీస్‌లో ఉంది. ఆ హదీస్ మనకి తెలుసు. రిష్తాల దగ్గర గుర్తురాదు. 2007 బీసీ-ఈ జాబితాలో హజాం, నాయి అని సర్కారు అచ్చేసింది. మా కాగితాల్లో మాత్రం షేక్ అనే రాయించుకున్నాం.

1990ల్లో ఎయిడ్స్ భయం వచ్చాక మనిషికో కొత్త బ్లేడు అడగడం మొదలైంది. సబబే. సగం విరిచిన బ్లేడు దూర్చే ఉస్తరాలు వచ్చాయి, వాటికి సిల్లీతో పని లేదు. నానా కిస్బత్ కట్టి అటకెక్కించింది అప్పుడే.

నేను మంచం పక్కన కూర్చుని సిల్లీ తడిపి, తుప్పు వదలగొట్టిన ఉస్తరా దాని మీద పెట్టాను. నాలుగైదు సార్లు లాగానో లేదో, అటు తిరిగి పడుకున్న నానీ అలాగే అన్నారు.

"వీపు లేస్తోంది. ఆనించు."

తిరిగి చూడకుండా ఎలా తెలిసిందని అడిగాను. ముప్పై ఏళ్లు ఆ చప్పుడుతోనే లేచానన్నారు. తర్వాత లేచి కూర్చుని, ఇటివ్వు అని చెయ్యి చాపారు.