ఉండుకము – నిజంగా వ్యర్థమేనా?

అద్దంకి పరిసరాల మిరప రైతు పూర్వం కోసిన కాయలన్నిటినీ అమ్మివేసేవాడు కాదు. మేలైన కాయలు కొన్ని ఏరి, విత్తనానికని వేరుగా దాచుకొనేవాడు. తెగులు వచ్చి చేనంతా పోయినా, మరుసటి ఏటి పైరుకు ఆ విత్తనమే ఆధారం. మన కడుపులోను ఇటువంటి విత్తనపు కొట్టు ఒకటి ఉన్నదని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

పెద్దప్రేగు మొదట నుండే అంధనాళానికి వానపామువలె వ్రేలాడే సన్నని గొట్టమే ఉండుకము. దీనినే వైద్యులు అపెండిక్స్ అంటారు. పొడవు సుమారు 9 సెంటీమీటర్లు. ఇటలీ దేశస్థుడు బెరెంగారియో డా కార్పి 1521లో దీనిని వర్ణించినాడు. 1735లో లండనులో క్లాడియస్ అమ్యాండ్ 11 ఏండ్ల బాలునికి హెర్నియా చికిత్స చేస్తూ, గుండుసూది వల్ల చిల్లుపడిన ఉండుకమును తొలగించినాడు, బాలుడు బ్రతికినాడు. ఇది పూర్వజంతువుల పెద్ద అంధనాళపు అవశేషమని 1871లో డార్విన్ వ్రాసినాడు. కడుపులోని ప్రమాదకరమైన వాపు తరచు ఇక్కడే పుడుతుందని 1886లో అమెరికా వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ చూపినాడు. ఇక దీనికి వ్యర్థావయవమనే పేరు స్థిరపడినది.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. ఇటువంటి మందులు ఎన్నో ప్రాణాలు నిలిపినవి. కాని రోగక్రిములతోపాటు ప్రేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులు కూడ వీనివల్ల కొంత నశిస్తవి. తీవ్రమైన విరేచనాలూ వానిని కడిగివేస్తవి. మరి అవి మళ్ళీ ఎక్కడినుండి వస్తవి?

ఉండుకమునుండే రావచ్చునని 2007లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన బోలింజర్, పార్కర్ మొదలైనవారు సూచించినారు. ఒక మూలనున్న ఈ ఇరుకు గొట్టంలో ప్రవాహం తాకిడి తక్కువ. అక్కడ మిగిలిన జీవులు తిరిగి ప్రేగంతా అల్లుకొనగలవు. దీని గోడలలో రోగనిరోధానికి తోడ్పడే లింఫు కణజాలమూ సమృద్ధిగా ఉన్నది. క్షీరదాలలో ఉండుకము 30 సార్లకు పైగా వేరువేరుగా ఏర్పడినదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. వట్టి అవశేషమే అయితే ఇన్నిసార్లు ఎందుకు పుడుతుంది? అయినను ఈ వాదానికి పూర్తి రుజువు ఇంకా లభించలేదు. ఉండుకము తీసివేయించుకొన్నవారు ఆరోగ్యంగానే జీవిస్తున్నారు.

అందుచేత ఉపయోగం ఉన్నదని శస్త్రచికిత్సకు వెనుకాడరాదు. బొడ్డుచుట్టూ మొదలైన నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగితే, ఆముదం పట్టించక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. విత్తనపు కొట్టుకు నిప్పంటుకొన్నప్పుడు విత్తనాలకోసం తటపటాయిస్తే ఇల్లే కాలిపోతుంది గదా!