అమెరికా కళాశాల ఫుట్‌బాల్: దాయాదుల పోరు, దాని వెనుక సంప్రదాయాలు

ఏటా నవంబరు చివరి వారంలో, థాంక్స్‌గివింగ్ పండుగ రోజుల్లో, అమెరికాలో లక్ష మందికి పైగా పట్టే క్రీడాప్రాంగణాలు కిక్కిరిసిపోతాయి. మైదానంలో దిగేవారు విశ్వవిద్యాలయ విద్యార్థులు. మిషిగన్ విశ్వవిద్యాలయ స్టేడియం అధికారిక సామర్థ్యం 1,07,601. అహ్మదాబాద్‌లోని నరేంద్ర మోదీ స్టేడియంను మినహాయిస్తే భారతదేశంలోని ఏ క్రికెట్ మైదానమూ దీనికి సాటి రాదు.

ఈ ఆట మనం ఫుట్‌బాల్ అని పిలిచేది కాదు. కొనలు తేలిన బంతిని చేతబట్టి, 100 గజాల మైదానంలో ఎదుటివారి గీత దాటించడం దీని లక్ష్యం. మన ఫుట్‌బాల్‌ను అమెరికన్లు సాకర్ అంటారు. ఇక ‘రైవల్రీ’ అన్న మాటను తెలుగులో ‘వైరం’ అంటే బరువెక్కుతుంది, ‘పోటీ’ అంటే తేలిపోతుంది. భారత్–పాకిస్థాన్ క్రికెట్ గురించి మన పత్రికలు వాడే ‘దాయాదుల పోరు’ అన్న పలుకుబడే దీనికి సరిగ్గా అతుకుతుంది. దాయాదులంటే ఒకే గట్టును పంచుకున్నవారు. ఈ విశ్వవిద్యాలయాలు కూడా చాలావరకు ఇరుగుపొరుగువే. ఒకే ప్రాంతపు విద్యార్థుల కోసం, అవే ఉన్నత పాఠశాలల నుంచి వచ్చే ఆటగాళ్ల కోసం, తరచు ఒకే రాష్ట్ర ఖజానా కోసం పోటీపడేవి.

తొలి అంతర్ కళాశాల పోటీగా పరిగణించేది 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్ల మధ్య జరిగింది. జట్టుకు 25 మంది చొప్పున ఆడిన ఆ ఆట నేటి రూపం కంటే సాకర్‌కే దగ్గర. రట్గర్స్ 6–4తో గెలిచింది. హార్వర్డ్–యేల్ పోటీ 1875లో మొదలైంది. పెన్సిల్వేనియాలోని లీహై, లఫాయెట్ కళాశాలలు 1884 నుంచి తలపడుతున్నాయి.  అందరికంటే ఎక్కువసార్లు తలపడిన జంట వీరిదే. 2014లో జరిగిన 150వ పోటీకి న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియం వేదికైంది.

మిషిగన్–ఒహాయో స్టేట్ పోటీకి మూలం చెప్పమంటే అభిమానులు 1835 నాటి ‘టొలీడో యుద్ధం’ ప్రస్తావిస్తారు. టొలీడో నగర పరిసరాల్లోని సన్నని భూభాగం కోసం ఒహాయో రాష్ట్రం, అప్పటికింకా రాష్ట్ర హోదా రాని మిషిగన్ తమ తమ సాయుధ దళాలను మోహరించాయి. ఒక అధికారి చిన్న కత్తిపోటుకు గురికావడం మినహా చెప్పుకోదగ్గ రక్తపాతం జరగలేదు. చివరకు ఆ భూమి ఒహాయోకు దక్కింది. మిషిగన్‌కు పరిహారంగా ఎగువ ద్వీపకల్పం, 1837లో రాష్ట్ర హోదా లభించాయి. అక్కడ తరువాత రాగి, ఇనుప ఖనిజాలు విస్తారంగా బయటపడ్డాయి కనుక ఓడినవారే లాభపడ్డారనాలి. ఈ రెండు విశ్వవిద్యాలయాల తొలి ఆట 1897లో, అంటే ఆ ఒప్పందం కుదిరిన అరవయ్యేళ్లకు జరిగింది. ఆట పెరిగి పెద్దదయ్యాక వెనక్కి వెళ్లి వెతికి తెచ్చుకున్న పురాణంగానే టొలీడో కథను చూడడం సబబు.

పోటీ వారంలో ఒహాయో స్టేట్ ప్రాంగణంలోని నామఫలకాలపై మిషిగన్‌ను సూచించే ‘ఎం’ అక్షరాన్ని ఎర్ర పట్టీలతో కొట్టివేస్తారు. ప్రత్యర్థి పేరు పలకకుండా ‘ఉత్తరాన ఉన్న ఆ జట్టు’ అంటారు. పాము కాటు వేస్తే ‘పురుగు ముట్టింది’ అనే తెలుగువారికి ఈ నామనిషేధం కొత్త కాదు. మిషిగన్‌పై గెలిచిన ఒహాయో ఆటగాళ్లకు బంగారు నిక్కరు ఆకారంలో చిన్న పతకం ఇవ్వడం 1934 నుంచి ఉన్న ఆనవాయితీ. ‘వాళ్లూ మనలాగే ఒక్కో కాలు చొప్పున నిక్కరు తొడుక్కునేవాళ్లే’ అన్న అర్థంలో నాటి శిక్షకుడు ఫ్రాన్సిస్ ష్మిట్ చేసిన వ్యాఖ్యే దానికి ఆధారం. ఆ పతకాలను, ఇతర బహుమానాలను అమ్ముకున్నందుకు 2010 డిసెంబరులో ఐదుగురు ఆటగాళ్లపై ఐదేసి పోటీల నిషేధం పడింది. విషయం తెలిసీ దాచిన శిక్షకుడు జిమ్ ట్రెసెల్ 2011లో రాజీనామా చేశారు. కోట్లాది డాలర్లు ఆర్జించి పెట్టే ఆటగాడు తనకిచ్చిన పతకాన్ని తాను అమ్ముకోవడం నేరమా అన్న ప్రశ్న అప్పుడే గట్టిగా వినిపించింది. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపాలపై ప్రకటనల ఆదాయం పొందగలుగుతున్నారు. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా వారికి చెల్లింపులు చేయవచ్చు.

సంప్రదాయం ఎంత దూరం పోగలదో తెలియాలంటే టెక్సాస్ వెళ్లాలి. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం, కాలేజ్ స్టేషన్‌లోని టెక్సాస్ ఎ అండ్ ఎం 1894లో తొలిసారి తలపడ్డాయి. మొదటిది రాజధానిలోని విద్యాకేంద్రం. రెండోది వ్యవసాయ, యాంత్రిక శాస్త్రాల కోసం, సైనిక క్రమశిక్షణతో ఏర్పడిన కళాశాల. డాలస్, హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు నేడు రెండుచోట్లా చదువుతున్నారు.

ఆస్టిన్ జట్టు చిహ్నం పొడవాటి కొమ్ముల ఎద్దు. పేరు బీవో. 1917లో ఎ అండ్ ఎం విద్యార్థులు రహస్యంగా వెళ్లి ఆ ఎద్దు ఒంటిపై తాము 1915లో గెలిచిన స్కోరు ‘13–0’ను వాతపెట్టారు. ఆ అంకెలను దిద్దగా ఆంగ్ల అక్షరాలై ‘బీవో’ అన్న పేరు వచ్చిందన్న కథ విశేషంగా ప్రచారంలో ఉంది. కానీ 1916 చివరికే ఆస్టిన్ పూర్వ విద్యార్థుల పత్రికలో ఆ పేరు అచ్చయింది. వాత కన్నా పేరే ముందు. 1920లో ఆ ఎద్దును విందుకు వండి, ప్రత్యర్థులనూ ఆహ్వానించి, వాత ఉన్న తోలును వారికే కానుకగా ఇచ్చారు.

ఎ అండ్ ఎం సంప్రదాయం భోగిమంట. ఆస్టిన్ జట్టుతో పోటీకి ముందు వేసే ఈ మంట 20వ శతాబ్ది తొలి దశకంలో చెత్తాచెదారం పోగుతో మొదలైంది. తరువాత విద్యార్థులే అడవిలో చెట్లు నరికి, మొద్దులను నిలువునా పేర్చి, అంతస్తులుగా కట్టే స్థాయికి చేరింది. 1969లో దాని ఎత్తు 109 అడుగులు. 1963లో మాత్రం, కెనడీ హత్య కారణంగా, పేర్చిన మొద్దులను వెలిగించకుండానే విప్పేశారు.

1999 నవంబరు 18 తెల్లవారుజామున 2 గంటల 42 నిమిషాలకు, దాదాపు 5,000 మొద్దులతో నిర్మాణంలో ఉన్న ఆ కట్టడం కుప్పకూలింది. 12 మంది మరణించారు. 27 మంది గాయపడ్డారు. మృతుల్లో 11 మంది విద్యార్థులు, ఒకరు పూర్వ విద్యార్థి. విచారణ సంఘం 2000 మేలో నివేదిక ఇచ్చింది. పై అంతస్తుల మొద్దులను కింది వాటి సందుల్లోకి దిగగొట్టడం వల్ల లోపలి నుంచి బయటకు ఒత్తిడి పెరిగిందని, కట్టిన తీగలు దానిని ఆపలేకపోయాయని, మునుపు చుట్టే ఉక్కు తాడును ఆ ఏడాది వాడలేదని తేల్చింది. ఇంజనీరింగ్‌కు పేరెన్నికగన్న విద్యాసంస్థలో, ఇంజనీరు రూపకల్పన లేకుండా అంత పెద్ద కట్టడం ఏళ్ల తరబడి లేచింది. ‘ఎప్పుడూ ఇలాగే కడుతున్నాం’ అన్న ధీమా ఎవరినీ అడగనివ్వలేదు.

ఎనిమిది రోజుల తరువాత యథావిధిగా పోటీ జరిగింది. ఆస్టిన్ బృందం విరామ సమయంలో సంతాప గీతాలు వాయించి, టోపీలు తీసి నివాళి అర్పించింది. ఎ అండ్ ఎం 20–16తో గెలిచింది. మృతుల స్మారకంలోని 12 ద్వారాలు ఒక్కొక్కటి ఒక్కొక్కరి స్వస్థలం వైపు తిరిగి ఉంటాయి. ప్రాంగణం వెలుపల కొందరు విద్యార్థులు స్వతంత్రంగా మంట వేస్తూనే ఉన్నారు. దానిని ప్రాంగణంలోకి తిరిగి అనుమతించబోమని విశ్వవిద్యాలయం 2024లో ప్రకటించింది.

పన్నెండు ప్రాణాలు పోయినా ఆగని ఈ పోటీని టెలివిజన్ ఒప్పందాలు ఆపగలిగాయి. 2011లో ఈఎస్‌పీఎన్ సంస్థ టెక్సాస్ విశ్వవిద్యాలయానికి ప్రత్యేక చానెల్ నెలకొల్పింది. ఒప్పందం విలువ 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్లు. కూటమిలో సమానత్వం పోయిందని భావించిన ఎ అండ్ ఎం మరో కూటమికి తరలిపోయింది. ఆ ఏడాది నవంబరు 24న చివరి క్షణపు కిక్‌తో టెక్సాస్ 27–25తో గెలిచాక, పోటీ 13 ఏళ్లు నిలిచిపోయింది. దానిని తప్పనిసరి చేయాలంటూ రాష్ట్ర శాసనసభలో బిల్లులు కూడా వచ్చాయి. బిల్లులతో కాని పని డబ్బుతో అయింది. టెక్సాస్ కూడా అదే కూటమిలో చేరడంతో 2024 నవంబరు 30న ఆట పునఃప్రారంభమైంది.

ఆ తరలింపుకే మరో పోటీ బలైంది. టెక్సాస్‌తో పాటు ఓక్లహోమా కూడా పాత కూటమిని వీడడంతో, 1904లో మొదలై 1910 నుంచి ఏటా జరుగుతున్న ఓక్లహోమా–ఓక్లహోమా స్టేట్ పోటీ 2023 నవంబరు 4తో ఆగిపోయింది. ఆ ఆటలో ఓక్లహోమా స్టేట్ 27–24తో గెలిచింది.

కూటముల లెక్కలకు అందని పోటీ ఒకటుంది. సైనిక, నౌకాదళ అకాడమీలు 1890 నుంచి తలపడుతున్నాయి. ఇతరుల ఆటలు ముగిశాక, డిసెంబరులో వీరి ఆట జరుగుతుంది. టెలివిజన్‌లో దృశ్యాన్ని వెంటనే మళ్లీ చూపడం తొలిసారి 1963లో వీరి పోటీలోనే జరిగింది. ఆట ముగియగానే ఇరుజట్లూ కలిసి ముందుగా ఓడినవారి విద్యార్థుల ఎదుట నిలబడి వారి అకాడమీ గీతాన్ని, ఆ తరువాత గెలిచినవారి గీతాన్ని ఆలపిస్తాయి. అందుకే ఏడాది పొడవునా రెండుచోట్లా ఆటగాళ్లు చెప్పుకునే లక్ష్యం ఒక్కటే: రెండోసారి పాడాలి.