కప్పనూ, పురుగులు తినే మొక్కనూ ఒకే గాజు పెట్టెలో పెంచొచ్చా? ముందు చచ్చేది ఏదో తెలిస్తే షాకే!

చిన్న గాజు పెట్టె.. లోపల పచ్చటి నాచు.. నోరు తెరుచుకున్న వీనస్ ఫ్లైట్రాప్ మొక్క పక్కనే ఓ చిట్టి కప్ప. రీల్స్‌లో ఇలాంటి టెర్రేరియం చూడగానే ఎవరికైనా వచ్చే మొదటి డౌట్ ఒక్కటే.. మొక్క ఆ కప్పను తినేయదా? నిజానికి చాలాసార్లు ముందు పోయేది మొక్కే!

ఫ్లైట్రాప్ ఆకు లోపల సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. 20 సెకన్ల లోపు వాటికి రెండుసార్లు ఏదైనా తగిలితే చాలు, ఆకు టక్కున మూసుకుంటుంది. అయితే ఒక్కో ఉచ్చు సైజు మహా అయితే రెండు, మూడు సెంటీమీటర్లే. బొటనవేలంత కప్ప కూడా అందులో ఇమడదు. కానీ కప్ప ఊరుకుంటుందా? చెట్టు కప్పలైతే రాత్రంతా గెంతుతూనే ఉంటాయి. తొక్కినప్పుడల్లా ఉచ్చు ఊరికే మూసుకుంటుంది. తిండి దొరక్కుండా ఇలా మూసి తెరవడం మొక్కకు దండగ ఖర్చు. నాలుగైదు సార్లు ఇలాగే జరిగితే ఆ ఆకు నల్లబడి రాలిపోతుంది.

కూజా మొక్కతో మాత్రం జాగ్రత్త

పిచ్చర్ ప్లాంట్, అంటే కూజా మొక్క సంగతి వేరు. అది పట్టుకోదు.. జారి లోపల పడినదాన్ని బయటకు రానివ్వదు. కెనడాలోని అల్గాన్‌క్విన్ పార్కులో కూజా మొక్కలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2019లో ఓ ఆసక్తికర విషయం బయటపెట్టారు. దాదాపు ప్రతి ఐదు కూజాల్లో ఒకదాంట్లో పిల్ల సాలమాండర్లు కనిపించాయి. ఇవి తోక ఉన్న జీవులు, కప్పలకు దగ్గరి చుట్టాలు. కొన్ని మూడు రోజుల్లోనే చనిపోతే, కొన్ని రెండు వారాలు దాటి బతికాయి. కాబట్టి వేలి గోరంత కప్పలున్న పెట్టెలో పెద్ద కూజాలు పెట్టడం రిస్కే.

దీనికి రివర్స్ కథ కూడా ఉంది. బోర్నియో దీవిలో బఠాణీ గింజంత కప్పను గుర్తించినట్లు 2010లో ప్రకటించారు. అది కూజా మొక్క లోపలే గుడ్లు పెడుతుంది, తోకకప్పలు అందులోని నీళ్లలోనే పెరుగుతాయి. ఆ రకం కూజా ఎక్కువగా రాలిన ఆకులనే అరిగించుకుంటుంది కాబట్టి పిల్లలకు ఇబ్బంది లేదు. అన్ని కూజాలూ ఇలాగే ఉంటాయనుకుంటే మాత్రం పొరపాటే.

అసలు గొడవంతా నీళ్లు, ఎండతోనే!

ఈ మొక్కలు పుట్టింది సారం లేని బురద నేలల్లో. ఆ కొరత తీర్చుకోవడానికే పురుగులు తింటాయి. అందుకే వీటికి ఉప్పు, ఖనిజాలు దాదాపు లేని నీళ్లు కావాలి. వాన నీళ్లు, డిస్టిల్డ్ వాటర్ అయితే ఓకే. టీడీఎస్ 50 లోపు ఉండాలంటారు పెంపకందారులు. మన బోరు నీళ్లు పోస్తే కొన్నాళ్లకు వేళ్లు దెబ్బతింటాయి. అదే కప్పకు రోజూ డిస్టిల్డ్ వాటర్‌లో నానడం మంచిది కాదు. కప్ప నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఉత్త నీళ్లలో ఉంటే ఒంట్లోని లవణాలు తగ్గిపోతాయి. దాని గిన్నెలో క్లోరిన్ తీసేసిన మామూలు నీళ్లే ఉండాలి. పైగా కప్ప వేసే రెట్ట ఎరువులా మట్టిలో చేరుతుంది. మనకు మంచిదే కదా అనిపిస్తుంది కానీ, ఈ మొక్కల వేళ్లకు అదే విషం.

ఇక ఎండ. ఫ్లైట్రాప్‌కు రోజూ కనీసం నాలుగైదు గంటల ఎండ, చలికాలంలో మూడు నెలల నిద్ర అవసరం. మూసిన గాజు పెట్టెను ఎండలో పెడితే అది కుక్కరే. రంగురంగుల డార్ట్ కప్పలైతే 30 డిగ్రీలు దాటితేనే తట్టుకోలేవు. హైదరాబాద్, విజయవాడ వేసవిలో పరిస్థితి ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఏదీ కుదరదా?

కలిపే పెంచాలనుకుంటే నేల మీద పెరిగే యుట్రిక్యులేరియా కాస్త బెటర్. స్కూల్ సైన్స్ పుస్తకంలో చదివిన పేరే. దాని ఉచ్చులు మట్టి లోపల, ఆవగింజ కంటే చిన్నగా ఉంటాయి. కప్పకు ప్రమాదం లేదు. దాన్ని కూడా విడి కుండీలో, కప్ప తొక్కని మూలలో పెట్టాలి. కేవలం లుక్ కోసమే అయితే బ్రొమీలియాడ్ మొక్కలు చాలు. వాటి ఆకుల మధ్య నిలిచే నీళ్లలో డార్ట్ కప్పలు హాయిగా దాక్కుంటాయి. ఫ్లైట్రాప్ మాత్రం బాల్కనీలోనే ఉండనివ్వండి.

కొనేముందు ఇంకో మాట. డార్ట్ కప్పలు, ఎర్రకళ్ల చెట్టు కప్పలు అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. ఇలాంటి విదేశీ జీవులను పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని కేంద్రం 2024లో రూల్స్ తెచ్చింది. మేఘాలయలో పెరిగే మన దేశపు కూజా మొక్క నెపంథిస్ ఖాసియానాకూ సైటిస్‌లో అత్యంత కఠినమైన రక్షణ ఉంది. బిల్లు, పేపర్లు చూపించలేని అమ్మకందారు దగ్గర ఏదీ తీసుకోకండి.