వంటింటి పాకుడు: అంట్లకూ అంటుకూ మధ్య చరిత్ర

తిరుచానూరులో కార్తీక బ్రహ్మోత్సవాల చివరి రోజు పంచమితీర్థం. ఆ రోజు పద్మసరోవరంలో లక్షలమంది ఒకే నీళ్లలో మునుగుతారు. పక్కన మునిగేవాడిది ఏ కులమని అడిగే వీలుండదు. ఇంటికి పోగానే నీళ్లకు మళ్లీ కులం వస్తుంది. అది తెలియాలంటే వంటింటి సింకు దగ్గర నిలబడి చూడాలి. కుళాయి మొదట్లో, గట్టూ గోడా కలిసే సందులో పట్టిన నల్లటి బూజు, జిడ్డు, పాకుడు ఎవరు గోకుతున్నారు? గుళ్ల చరిత్ర, రాజుల దానాల చరిత్ర రాసినవాళ్లు ఈ మూలకేసి చూడలేదు.

మన భాషలోనే దీని ఆనవాళ్లున్నాయి. తిన్న గిన్నెలు అంట్లు. మైల అంటు. తాకకూడదన్న మనిషి అంటరానివాడు. మూడింటికీ మూలం అంటడమే. గిన్నెకంటిన మురికి తోమితే పోతుంది. మనిషికి అంటగట్టిన మురికి మాత్రం ఎంత తోమినా పోదని శాస్త్రం రాసుకున్నారు.

పాత ఇళ్లలో సింకు ఎక్కడిది? పెరట్లోనో వంటింటి వెనకనో జాలాడి ఉండేది. జలదారి అన్నమాటే రాయలసీమ నోళ్లలో జాలాడి అయింది. బూడిద, చింతపండు, కొబ్బరిపీచు పెట్టి అక్కడే తోమేవాళ్లు. అగ్రకుల ఇళ్లలో పనిమనిషి దొడ్డిదారిన వచ్చి తోమి బోర్లిస్తే, ఇంటావిడ వాటిమీద నీళ్లు చల్లి లోపలికి తీసుకునేది. ఆ తోమే పని కూడా ఎక్కువగా శూద్రకులాల ఆడవాళ్లకే. మాల మాదిగలకు ఆ గిన్నెలు తాకే వీలూ లేదు. వాళ్లకు మిగిలింది కొట్టం, పేడ, జాలాడి నీళ్లు పారే బయటి కాలవ. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేవాళ్లనూ మెట్లు మెట్లుగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో వాదించారు. ఆ మెట్లు వంటింటి నుంచి వీధి కాలవదాకా కనబడతాయి.

ఇరవయ్యో శతాబ్దం చివరికొచ్చేసరికి తిరుపతి పెరిగింది. చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. పెరడు పోయింది, జాలాడి పోయింది, సింకు పొయ్యి పక్కకు చేరింది. మద్రాసు ప్రభుత్వం 1947లో చేసిన ఆలయ ప్రవేశ చట్టం చిత్తూరు జిల్లాకూ వర్తించి గుడి తలుపు తెరిచింది. వంటింటి తలుపు తెరిపించింది చట్టం కాదు, ఈ సింకే. తోమే మనిషిని లోపలికి రానివ్వక తప్పలేదు. అయితే వచ్చిన మనిషికి కాఫీ ఏ గ్లాసులో పోస్తున్నారు? ఆ గ్లాసు ఎక్కడ పెడుతున్నారు? చాలా ఇళ్లలో అది ఇప్పటికీ వేరే గ్లాసే.

కడిగిన నీళ్ల చరిత్రలో నెత్తురు కూడా ఉంది. 1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువులో కుడితి బకెట్టు కడగబోతే వద్దన్నారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు ఆరుగురు దళితులను చంపారు. మురికి ఎటు పారాలో తామే నిర్ణయిస్తామన్న అహంకారం అది. ఊరిలో దాని రూపం హత్యాకాండ. వంటింట్లో దాని రూపం మౌనం.

ఈ పనిలో ప్రమాదమూ ఉంది. నలుపు త్వరగా వదలాలని బ్లీచింగు పౌడరూ యాసిడూ కలిపి పోయిస్తారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కళ్లు మండుతాయి, ఊపిరి ఆడదు. తలుపులు మూసిన చిన్న వంటింట్లో అది పీల్చేది పనిమనిషే. చేతితొడుగు ఎందరు కొనిస్తున్నారు? ఇంటిపనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన ఒడంబడికను మన ప్రభుత్వం ఇంకా ధృవీకరించలేదు. వాళ్లకోసం చట్టం అవసరమేమో పరిశీలించే కమిటీ వెయ్యమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రాన్ని ఆదేశించింది.

నిజానికి బూజు తడి ఉన్నచోటే బతుకుతుంది. కారే కుళాయి బాగుచేయించి, కిటికీ తెరిచి, రాత్రి పడుకోబోయే ముందు గట్టును పొడిగుడ్డతో తుడిస్తే అది పెద్దగా పట్టదు. అయిదు నిమిషాల పని. తిన్నవాళ్లు ఎవరైనా చేయొచ్చు, మగవాళ్లు కూడా. చేయకపోవడానికి కారణం తీరిక లేకపోవడం కాదు. ఆ మురికి తమది కాదనే నమ్మకం.

విద్యార్థులు తమ వీధుల్లో ఇంటిపని చేసే అమ్మలను, అక్కలను అడిగి ఈ చరిత్ర రాసుకోవాలి. ఏ ఇంట్లో ఎక్కడిదాకా రానిస్తారు, ఏ గిన్నె తాకనిస్తారు, నెలకేమిస్తారు? సభల్లో కులనిర్మూలన గురించి మాట్లాడే మనం కూడా ఇంటికెళ్లాక ఒకసారి సింకు కింద చూసుకోవాలి.