వెతికింది ఇంట్లో.. విన్నది అమెజాన్!

మన కంప్యూటర్లో మన ఫైలు వెతుక్కోవటం మన సొంత వ్యవహారం కదా? 2012 అక్టోబరులో ఉబుంటు 12.10 వచ్చాక అలా లేకుండా పోయింది. డాష్‌లో ఏం టైపు చేసినా ఆ మాట కానానికల్ సర్వరుకి, అక్కడ్నుంచి అమెజాన్‌కి వెళ్ళేది. "జనగామ పొలం కాగితాలు" అని కొట్టారనుకోండి, ఫైలు దొరికేలోపే ఆ మాట ఊరు దాటేసేది. బదులుగా ఫైళ్ళ కింద అమ్మకం సరుకుల బొమ్మలు! ఎవరైనా కొంటే కానానికల్‌కి కమీషను.

మీరెవరో అమెజాన్‌కి చెప్పం, మధ్యలో మేమున్నాంగా అని కంపెనీ వాదన. ఆపుకోవటానికి సెట్టింగ్స్‌లో ఒక మీట కూడా ఉండేది. కానీ అడక్కుండానే ఆన్ చేసి ఇచ్చారు. గొడవంతా అక్కడే. స్టాల్‌మన్ అయితే గూఢచారి సాఫ్టువేరు అనేశాడు. చివరికి 2016 ఏప్రిల్లో 16.04తో అది డీఫాల్టుగా ఆఫ్ అయింది.

ఇది లినక్సు వాళ్ళ గోల అనుకోకండి. తర్వాత తెలంగాణ ప్రభుత్వం "సమగ్ర వేదిక" తెచ్చింది. వేర్వేరు శాఖల రికార్డుల్ని ఒక మనిషి పేరు కింద కలిపి చూపించే సాఫ్టువేరు అది. జనగామలో కారు, భూపాలపల్లిలో కరెంటు మీటరు, మహబూబాబాద్‌లో రేషన్ కార్డు.. పేర్లు కలిశాయని ముగ్గుర్ని ఒకరే అనుకుంటే? కంప్యూటరు లెక్క నమ్మి, నోటీసైనా ఇవ్వకుండా కార్డులు తీసేశారని కేసు పడింది. దాదాపు 19 లక్షల కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది.

ఉబుంటు వాడికి కనీసం మీట ఉండేది. బియ్యం ఆగిన ముసలమ్మ ఏ సెట్టింగ్స్‌లో వెతుక్కోవాలి? ఇలాంటి కోడు రాసేది మనవాళ్ళే. "ముందు అడిగామా?" అని డిజైను మీటింగులోనే అడగాల్సిందీ మనమే.